ఒక్క క్లిక్కు లెక్క

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వెడల్పు 0.5 మిల్లీమీటర్లే, దాని మీదికి వెళ్లే గుండు మాత్రం 4.5 మిల్లీమీటర్లు. అంత సన్నని గురిని చేతికి అందించేది గురి చూసే వెనుక సైట్ మీద ఉండి, దాన్ని ఒక్కో క్లిక్కుతో కొద్దికొద్దిగా జరిపే చిన్న స్క్రూ. రెండు సైట్ల మధ్య దూరం 80 సెంటీమీటర్లనుకుంటే, లక్ష్యం దానికి పన్నెండున్నర రెట్ల దూరాన ఉంటుంది. సరూప త్రిభుజాల లెక్కన వెనుక సైట్ 0.1 మిల్లీమీటరు కుడికి జరిగితే గుండు 1.25 మిల్లీమీటర్లు కుడికి పడుతుంది. (ముందు సైట్‌ను జరిపితే అంతా ఎదురు.) స్క్రూ తిప్పడంలో నేర్పేముంది, పనంతా యంత్రానిదే కదా అనవచ్చు. కానీ ఆ స్క్రూ గుండ్ల గుంపును మొత్తంగా జరపగలదే తప్ప, చెదిరిన గుంపును దగ్గరికి చేర్చలేదు. ఒక్క గుండు పక్కకు పోగానే తిప్పేవాడు తన చేతి తప్పును సైట్ మీదికి నెడుతున్నాడు. నాలుగైదు పడేదాకా ఓపిక పట్టి, వాటి నడిమి చోటు చూసి తిప్పేవాడే అసలైన షూటర్.