పలక పడినంత మాత్రాన ఊరు పోవునా?

భీమడోలు వద్ద జాతీయ రహదారి నుండి ద్వారకా తిరుమలకు దారి చీలుచున్నది. ఆ కూడలి నుండి ఒక వైపునకు పోయిన ఏలూరు, రెండవ వైపునకు పోయిన తాడేపల్లిగూడెము. అక్కడి దారి చూపు పలక ఒకనాటి గాలివానకు పడిపోయినదనుకొనుడు. క్రొత్తగా వచ్చిన యాత్రికుడు దిక్కు తోచక నిలిచిపోవును. అంతమాత్రమున కొండమీది గుడి ఎక్కడికిని పోలేదు. పలకను తిరిగి నిలబెట్టిన చాలును. పలక పడినది గనుక ఊరినంతయు పడగొట్టి మరల కట్టవలెనని ఎవరైన సలహా చెప్పినచో విన్నవారు నవ్వుదురు.

కంప్యూటరు విషయములో మాత్రము ఇట్టి సలహా తరచు వినబడుచునే యున్నది. ఒకే కంప్యూటరులో విండోసును, లినక్సును ప్రక్క ప్రక్కన ఉంచుకొన్నవారు ఒకనాడు మీట నొక్కగా, నల్లని తెరపై అర్థముకాని ఒకటి రెండు మాటలు తప్ప మరేమియు కనబడదు. ప్రక్కనున్నవారు చెప్పు మందు ఒక్కటే: "ఫార్మాటు కొట్టించండి." ఈ మందు చాలసార్లు రోగముకంటె హానికరము. ఏలననగా పోయినది దారి మాత్రమే. ఫార్మాటు చేసిన పిదప ఊరు కూడ పోవును.

ఇది తెలియుటకు కంప్యూటరు మేల్కొను వరుసను గమనింపవలెను. విద్యుత్తు అందగానే మొదట పనిచేయునది విండోసు కాదు, లినక్సు కాదు. మదర్‌బోర్డుపై ఒక చిప్పులో నిలిచియుండు ఫర్మ్‌వేర్ అను చిన్న ప్రోగ్రాము మొదట లేచును. అది బూట్‌లోడర్ అను మరియొక ప్రోగ్రామును వెదకి పనిని దానికి అప్పగించును. బూట్‌లోడరు ఆపరేటింగ్ సిస్టమును మెమరీలోనికి తెచ్చును. ఇవి మూడు మెట్లు. ఏ మెట్టుపై ఆగినదో తెలిసినచో చికిత్స సగము పూర్తియైనట్లే.

బయాస్ అను పాత పద్ధతిలో దారి చూపు పలక డిస్కు మొదట నున్న 512 బైట్ల చోటులో ఉండును. అందు 446 బైట్లు ప్రోగ్రామునకు, 64 బైట్లు డిస్కు విభాగముల పట్టికకు, మిగిలిన 2 బైట్లు గుర్తునకు చెందును. లినక్సు ఉన్న అట్టి యంత్రములో విండోసును మరల ఎక్కించినచో, అది ఆ ప్రోగ్రామును తుడిచి తనదానిని వ్రాసికొనును. లినక్సు విభాగము చెక్కుచెదరక యున్నను దానికి దారి చెప్పువారు లేరు. యు.ఇ.ఎఫ్.ఐ. అను క్రొత్త పద్ధతిలో బూట్‌లోడర్లకు డిస్కులో ప్రత్యేకముగ ఒక చిన్న విభాగము కలదు. వాటిలో దేనిని ముందుగ పిలువవలెనో తెలుపు జాబితా మదర్‌బోర్డు మెమరీలో ఉండును. ఆ జాబితా తారుమారైనను ఫలితము అదియే.

ఇక లక్షణములు. ఎంపిక పట్టీ కనబడక నేరుగా విండోసు తెరచుకొన్నచో చాలవరకు జాబితా వరుస మారినదని అర్థము. ఫర్మ్‌వేర్ సెట్టింగులలో దానిని సరిచేయవచ్చును. "గ్రబ్ రెస్క్యూ" అను మాట కనబడినచో లినక్సు బూట్‌లోడరైన గ్రబ్ మొదటి భాగము లేచినది గాని, దాని మిగిలిన భాగము దొరకలేదని అర్థము. విభాగములను చెరిపినప్పుడు, లేక వాటి సంఖ్యలు మార్చినప్పుడు ఇట్లు జరుగును. ఒక వ్యవస్థను పాత పద్ధతిలోను, రెండవదానిని క్రొత్త పద్ధతిలోను ఎక్కించినచో ఒకదాని పట్టీలో మరియొకటి కనబడకపోవచ్చును. వీనిలో ఏ ఒక్కటియు ఫార్మాటును కోరు రోగము కాదు.

తప్పు సలహా చెప్పువారిదే కాదు. తయారీదారులకును ఇందు భాగము కలదు. 2024 ఆగస్టు 13న మైక్రోసాఫ్టు విడుదల చేసిన భద్రతా నవీకరణ, లోపములున్న పాత బూట్‌లోడర్లను అడ్డగింపబూనినది. ఉద్దేశము మంచిదే. రెండు వ్యవస్థలున్న యంత్రములకు ఇది వర్తింపదని కంపెనీ తెలిపినది; కాని కొన్ని యంత్రములలో రెండవ వ్యవస్థ ఉన్న సంగతిని నవీకరణ గుర్తింపలేకపోయినది. వాటిలో లినక్సు లేవలేదు. పూర్తి పరిష్కారము 2025 మే నెల నవీకరణలతో గాని రాలేదు. తెరపై వచ్చిన సందేశము ఏదో ఘోరమైన పొరపాటు జరిగినదని భయపెట్టినదే గాని, డిస్కులోని ఫైళ్లు క్షేమమని ఒక్క మాటైన చెప్పలేదు. భయపడినవాడు ఫార్మాటు వైపు పరుగెత్తుటలో వింతలేదు.

ఫార్మాటు పక్షమున చెప్పదగిన మాట ఒకటి కలదు: దాచుకొనదగిన ఫైళ్లు ఏవియు లేనిచోట అది త్వరగా ముగియు పని. కాని డిస్కే చెడుచున్నప్పుడు ఫార్మాటు దానిని బాగుచేయజాలదు. ఫైళ్లను రక్షించుకొను అవకాశమును కూడ తగ్గించును.

సరియైన క్రమము ఇది. పెన్‌డ్రైవు నుండి నడచు లైవ్ లినక్సుతో యంత్రమును లేపి, ముందుగ ఫైళ్లను వేరొక చోటికి నకలు చేసికొనవలెను. పిమ్మట ఫర్మ్‌వేర్ జాబితాను చూడవలెను. అప్పటికిని కుదరనిచో బూట్‌లోడరును మాత్రమే తిరిగి ఎక్కించవలెను: లినక్సునకు గ్రబ్‌ను, విండోసునకు దాని స్థాపన పెన్‌డ్రైవులోని మరమ్మతు సాధనమును వాడుదురు. బిట్‌లాకర్‌తో తాళము వేసిన డిస్కయినచో, ఈ మార్పులకు పూర్వమే 48 అంకెల రికవరీ తాళపుసంఖ్య చేతిలో ఉండవలెను. అది లేక మార్పులు చేసినవాడు తన ఇంటి బయట తానే నిలువవలసివచ్చును.

ఈ చర్చ పాఠశాలకు దూరమైనది కాదు. స్వేచ్ఛ సంస్థ గ్నూ/లినక్సు ఆధారముగ తెలుగులో పలుకు వ్యవస్థను రూపొందించినది. విండోసు ప్రక్కన అట్టిదానిని పెట్టి చూచిన విద్యార్థి, మొదటి చిక్కులోనే తన ఫైళ్లన్నిటిని పోగొట్టుకొన్నచో మరల ఆ ప్రయత్నము చేయడు. ప్రశ్నపత్రములు, మార్కుల పట్టికలు పోయిన ఉపాధ్యాయుడును అంతే. తరగతిలో కంప్యూటరు లేవనప్పుడు "ఎవరిని పిలువవలెను?" అనుటకు ముందు "ఏ మెట్టుపై ఆగినది?" అని అడిగించుట అలవాటు కావలెను.