పఠనశక్తి – పరీక్షాఫలితము

ముంబయి కామాఠిపురా, నిజాము రాజ్యమునుండి వలసవచ్చిన తెలుగు కూలీల పేరిట వెలసినది. అచ్చటి చాళ్ళలో పెరుగు బాలునకు ఇంట తెలుగు, వీధిలో హిందీ, మరాఠీ వినవచ్చును. ఇంగ్లీషునకు తరచుగా బడియే ఆధారము.

మహారాష్ట్ర ఎస్.ఎస్.సి. పరీక్షలో 2018లో ఉత్తీర్ణత 89.41 శాతము. భాషలలో బడి వేయు 20 మార్కులను తొలగింపగా 2019లో అది 77.10కి దిగెను, మరల చేర్పగా 2020లో 95.30కి ఎక్కెను. బాలుర పఠనశక్తి ఏడాదిలో అంతగా తగ్గి, మరుసటి యేడు అంతగా పెరుగునా? ముఖ్యముగా మారినది కొలతయే. అయినను నాటి వాదములు శాతము చుట్టునే తిరిగెను. బాలుడేమి చదువగలడను ప్రశ్న వెనుకబడెను.

అట్లని పరీక్షను త్రోసిపుచ్చరాదు. కూలివాని బిడ్డకు పైచదువునకు ద్వారమదియే. చూడని పుటను చదివి, భావమును సొంతమాటలలో చెప్పగలవానికి మార్కులు రాకపోవు. మార్కులు వచ్చిన ప్రతివానికిని ఆ శక్తి కలదనుకొనరాదు.