రెండు చుట్లు తిప్పి తగ్గించేసే పాట

మారియో వీడియో గేము పాటను మా ఊరు అగళిలో ఎవరూ పాటగా వినలేదు. టీవీకి తగిలించే చౌక నకలు డబ్బా, అందులో గుచ్చే పసుపు క్యాసెట్టు, పక్కన కూర్చుని "ఎగురప్పా, ఎగురు" అని అరిచే పిల్లలు. ఆ గోలలో అదీ ఒక చప్పుడు. ఇప్పుడు అదే సంగీతాన్ని ఆట లేకుండా, ఆల్బంగా ఫోన్లో వింటున్నాను. వినేకొద్దీ తెలుస్తున్నదేమంటే, ఈ పాటలకు ముగింపు లేదు.

ఉండే వీలూ లేదు. సినిమాకు సంగీతం కట్టేవాడికి సన్నివేశం ఎన్ని నిమిషాలో తెలుసు. ఆటకు కట్టేవాడికి తెలియదు. ఆడే పిల్లోడు మొదటి గుంతలోనే పడిపోవచ్చు, ఒకచోట నిలబడి దిక్కులు చూస్తూ ఉండొచ్చు. అందుకే చివరి స్వరం అతుకు కనబడకుండా మళ్లీ మొదటి స్వరంలోకి జారాలి. 1985లో 'సూపర్ మారియో బ్రదర్స్'కు కోజి కొండో చేసింది ఆ పనే. ఆ ఆట నడిచే యంత్రంలో ఆయన చేతికి ముఖ్యంగా దొరికినవి రెండు సన్న గొంతులు, కింద మోగే బేస్ ఒకటి, డోలు దెబ్బకు బదులు బుస్సుమనే రొద ఒకటి. మారియో ఎగిరినప్పుడు వచ్చే శబ్దానికి వేరే గొంతు లేదు. పాటలోని గొంతుల్లోనే ఒకటి ఆ క్షణం నోరు మూసుకుని దారి ఇస్తుంది. ఆటలో మిగిలిన టైము వంద కిందికి దిగితే పాట పరుగందుకుంటుంది. ఒకరకంగా ఆడేవాడూ వాయిస్తున్నట్టే.

ఆట ఎంతసేపు సాగితే అంతసేపు పాటను తిప్పే ఈ విద్య మా జిల్లాకు కొత్త కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కుటుంబాలున్నాయి. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారి ఊరది. తోలుబొమ్మలాటలో హార్మోనియం, మద్దెల, తాళాలు ఉంటాయి. యుద్ధం వచ్చిందంటే బొమ్మలాడించేవాళ్లే కాళ్ల కింది చెక్కపలకలను దబదబా తొక్కుతారు. రావణుడు తెర మీద ఎంతసేపు నిలబడతాడో మద్దెలాయన ముందే లెక్క కట్టుకోడు, బొమ్మ కదిలేదాకా అదే చుట్టు తిప్పుతుంటాడు. మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా దూరి జనాన్ని నవ్విస్తే రామాయణం ఆగాల్సిందే, వాయిద్యాలు వాళ్ల వెంట పోవాల్సిందే. కాకపోతే మద్దెలాయన బొమ్మను చూస్తూ వాయిస్తాడు. కొండో మాత్రం ఎవడు ఎప్పుడు ఎగురుతాడో చూడకుండానే అన్నీ ముందే రాసిపెట్టాలి.

ముగింపు లేని ఆట పాటలను ఆల్బం చేసేటప్పుడు వస్తుంది అసలు చిక్కు: ఎక్కడో ఒకచోట ఆపాలి. యెల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా అనే సంగీత బృందానికి చెందిన హరుఓమి హొసొనో 1984లో నామ్కో కంపెనీ ఆటల సంగీతంతో 'వీడియో గేమ్ మ్యూజిక్' అనే రికార్డు తెచ్చాడు. ఈ తరహాలో మొదటి ఆల్బం అదేనంటారు. ఆటలోని చప్పుళ్లను కూడా ఆయన అందులో కలిపాడు. తర్వాత వాడుకలోకి వచ్చిన పద్ధతి వేరు: పాటను రెండు చుట్లు తిప్పి, మూడో చుట్టు మొదలవుతుండగా మెల్లగా తగ్గించేయడం. ఇది సోమరి పని అనేవాళ్లున్నారు. నాకైతే ఇదే నిజాయితీగా తోస్తుంది. కొయిచి సుగియామా 'డ్రాగన్ క్వెస్ట్' అనే ఆట సంగీతాన్ని ఆర్కెస్ట్రాకు ఎక్కించాడు. 2021లో టోక్యో ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో క్రీడాకారుల నడక దానితోనే మొదలైంది. దర్జాగానే ఉంటుంది, కాదనను. కానీ ఆర్కెస్ట్రా అనేసరికి చివర ఢామ్మని ఒక ముగింపు పెట్టాలనిపిస్తుంది. తిరుగుతూనే ఉండాల్సిన పాటకు ఆ ఢాం ఎందుకు?

2023లో అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ భద్రపరచదగ్గ రికార్డింగుల జాబితాలో మారియో పాటను చేర్చింది. వీడియో గేము సంగీతానికి అందులో చోటు దక్కడం అదే మొదలు. నిమ్మలకుంట తోలుబొమ్మలేమో దీపాల గొడుగులుగా, గోడ అలంకారాలుగా పట్నాలకు పోతున్నాయి. గొడుగుతో పాటు మద్దెల పోదు. తెల్లవార్లూ సాగే ఆ ఆటను ఎవరైనా ఆల్బంగా తేదలిస్తే నాదొక మనవి. శుభ్రం చేస్తున్నామని చెప్పి చెక్కల చప్పుడు తీసేయకండి, జుట్టుపోలిగాడికి జనం నవ్విన నవ్వు అసలే తీసేయకండి.