గుమ్మం దగ్గర మనిషి

2008 సెప్టెంబరులో లండన్‌లో కొందరు ట్విట్టర్ నేస్తాలు ఒకచోట కలిశారు. అప్పటిదాకా తెరమీద పేర్లే గానీ ముఖాలు తెలియవు. పనిలోపనిగా ఇల్లులేనివాళ్ల కోసం తిండి సరుకులు, డబ్బులు పోగుచేశారు. ట్విట్టర్ నేస్తాలు కలిసి విరాళాలు పోగుచేసే ‘ట్వెస్టివల్‌’కు అదే మొదలు. 2009 ఫిబ్రవరి 12న 200 ఊళ్లలో అదే సందడి. 2,50,000 డాలర్లకు పైగా చారిటీ: వాటర్ సంస్థ మంచినీటి పనులకు చేరాయి.

నాకు ముచ్చటేసేది మాత్రం ఇలాంటి చోట్ల గుమ్మం దగ్గర నిలబడే మనిషి పనితనం. ఆమె వచ్చినవాళ్ల చొక్కాకు పేరుచీటీ అంటిస్తూనే, గోడకానుకుని ఫోను నొక్కుకుంటున్న కొత్త కుర్రాణ్ణి ‘మీరూ డిజైనరేగా, రండి’ అంటూ గుంపులో కలిపేస్తుంది. విరాళం అడగదు, డబ్బాను మాత్రం అందరూ దాటాల్సిన చోటే పెడుతుంది. పెళ్లిలో పన్నీరు చల్లే మా పిన్నికి కూడా ఇంత ఒడుపు లేదు.