కేబుల్ లేని యాక్సిలరేటర్

పాత షెవ్రొలెట్‌లో యాక్సిలరేటర్ తొక్కితే కడ్డీయో కేబులో లాగి కార్బురేటర్ రేకును తెరిచేది. 1997 కార్వెట్‌తో వచ్చిన ఎల్ఎస్1 ఇంజన్‌కు ఆ లింకే లేదు. పెడల్ ఎంత దిగిందో సెన్సార్లు చెబుతాయి, కంప్యూటర్ ఆజ్ఞతో చిన్న మోటారు థ్రాటిల్ తెరుస్తుంది.

అలాంటి ఇంజన్‌ను 1969 కామరోలో కూర్చోబెట్టే మెకానిక్ పనితనం పెడల్ దగ్గరే తెలుస్తుంది. ఆ సెన్సార్ల పెడల్‌కు పాత కారులో చోటే ఉండదు. బ్రాకెట్ తయారుచేసి, కార్పెట్ మందం కూడా లెక్కేసి, బ్రేకుకు కాలు తగలకుండా బిగించాలి. నేల అడ్డొచ్చి పెడల్ పూర్తిగా దిగకపోతే ఇంజన్ పూర్తి బలం అందదు.

సెన్సార్ల లెక్కలు ఒకదానితో ఒకటి పొసగకపోతే కంప్యూటర్ ఇంజన్ బలాన్ని కుదించేస్తుంది. అందుకే పెడల్, థ్రాటిల్, కంప్యూటర్ మూడూ జతకుదరాలి.

ఇంత చేసినా బయటికి కారు 1969 నాటిదే. ఆ మెకానిక్‌కు చేతులెత్తి మొక్కాలి.