వరసైన మాట

మా ఖమ్మం పల్లెల్లో కొత్తల్లుడు అత్తారింటి గడప దాటాలంటే ముందు మరదళ్లను దాటాలి. తలుపుకు అడ్డం నిలబడి పెళ్లాం పేరు చెప్పమంటారు. చెప్పులు దాస్తారు. మంచినీళ్లలో ఉప్పు కలిపిచ్చి, "మొహం అట్ల పెట్టినవేంది బావా, మీ ఊళ్లె ఉప్పు తినరా?" అని వాళ్లే అడుగుతారు.

ఈ పరాచికానికి గట్టి కట్టుబాటుంది. బావామరదళ్లు, వదినామరదళ్లు, వియ్యపురాళ్లు ఎంతైనా అనుకోవచ్చు. అదే నోరు అన్న ముందు, మామగారి ముందు పెగలదు. అమ్మమ్మ ఇంటి గొప్పలు చెప్పే పిల్లాణ్ని మేనమామ ఒక్క మాటతో ఆపేస్తాడు: "తల్లి పుట్టిల్లు మేనమామ దగ్గర పొగుడుతున్నవా?" 'బావ బతుకు కోరు, దాయాది చావు కోరు' అనే సామెతను పెద్దవాళ్లు ఊరికే చెప్పలేదు. ఏడిపించే బావే మన మేలు కోరేవాడని వాళ్ల నమ్మకం.

దుమ్ముగూడెం, చర్ల అడవుల్లోని కోయ గూడేల్లోనూ వరస లెక్క అంతే కచ్చితం. ఒకే గట్టు (గోత్రం లాంటిది) వాళ్లు అన్నదమ్ములు, వాళ్ల మధ్య పెళ్లి లేదు. వేరే గట్టుతోనే బావాబావమరుదుల వరస కలుస్తుంది. భూమి పండుగ వేటకు పోయి వట్టి చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేయడం వాళ్ల పాత ఆనవాయితీ.

ఇక భద్రాచలంలో దేవుడికే ఈ పరాచికం తప్పలేదు. శ్రీరామనవమి కల్యాణానికి ముందురోజు సాయంత్రం ఎదురుకోలు జరుగుతుంది. అర్చకులు రెండు పక్షాలుగా విడిపోతారు. మా రాముడు శివధనుస్సు విరిచాడని వరుడి వైపు వాళ్లంటే, ఆ వింటిని మా సీతమ్మ చిన్ననాడే కదిలించిందని వధువు వైపు వాళ్లంటారు. జనం పెళ్లివారిలాగే మురిసిపోతారు. మర్నాడు సీతమ్మ మెడలో మూడు సూత్రాలు పడతాయి. ఒకటి దశరథుడి తరఫున, ఒకటి జనకుడి తరఫున, మూడోది రామదాసు తరఫున. నేలకొండపల్లిలో కంచర్ల గోపన్నగా పుట్టిన ఈ రామదాసు గోల్కొండ చెరసాలలో కూర్చుని, నీకు చేయించిన నగల మాటేమిటని రాముణ్నే నిలదీశాడు. అంత మాట అన్నవాడికే పెళ్లిలో భాగం ఇచ్చారు మనవాళ్లు. చుట్టరికం ఉన్నవాడికే మాట అనే హక్కు ఉంటుందన్న మా ప్రాంతపు తీర్పు ఆ మూడో సూత్రంలో నాకు కనిపిస్తుంది.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయి, ఆనుకునే ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. వియ్యాలు మాత్రం సరిహద్దు గీతకు అటూ ఇటూ అలాగే ఉన్నాయి. బావలకు దెప్పడానికి కొత్త సంగతి దొరికింది, అంతే.

నన్ను బాధపెట్టేది వేరే ఉంది. కట్నం తక్కువని, పిల్ల నలుపని అనేసి "ఊరికే అన్నాలే" అంటున్నారు. దాన్ని నేను పరాచికంగా ఒప్పుకోను. అవతలి మనిషి తిరిగి అనలేని మాట పరాచికం కాదు. ఇప్పటి పిల్లలకు ఎవరు బావో, ఎవరు అన్నో తెలియక ఏ మాటైనా తిట్టులాగే వినిపిస్తోంది.

ఈసారి నవమికి భద్రాచలం వచ్చేవాళ్లు ఒకరోజు ముందే రండి. పిల్లల్ని ఎదురుకోలు దగ్గర కూర్చోబెట్టండి. పక్కనున్న చుట్టాలను చూపించి ఎవరు ఏ వరసో చెప్పండి.