పాత మోటారు – బ్యాటరీ లెక్క

పడవ వెనుక అంచుకు బిగించే పాత అవుట్‌బోర్డ్ మోటారు తన బ్యాటరీని తానే ఛార్జి చేసుకుంటుందన్న మాట ఎంతవరకు నిజమో, అమెరికాలోని మినెసోటా సరస్సుల్లో పగలంతా మెల్లగా తిరుగుతూ చేపలు పట్టేవారికి సాయంత్రం సెల్ఫ్ తిరగనప్పుడు గాని తెలియదు. అలాంటప్పుడు నింద బ్యాటరీ మీద పడడం రివాజే అయినా, చాలా సందర్భాల్లో దాని తప్పేమీ ఉండదు.

ఇంజిను పైన తిరిగే బరువైన చక్రాన్ని ఫ్లైవీల్ అంటారు. దాని లోపలి అంచున అమర్చిన అయస్కాంతాలు, కింద కదలకుండా ఉండే రాగితీగ చుట్ల మీదుగా, అంటే స్టేటర్ మీదుగా పరుగెత్తినప్పుడు ఆ చుట్లలో ఏసీ విద్యుత్తు పుడుతుంది. బ్యాటరీకి కావలసింది ఒకే దిశలో ప్రవహించే డీసీ గనుక, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ల కూర్పు అయిన రెక్టిఫైయర్ ఆ మార్పు చేస్తుంది. అయితే ఈ రాబడి వేగాన్ని బట్టి ఉంటుంది. పూర్తి వేగంలో 5 ఆంపియర్లిచ్చే చిన్న మోటారు, ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు.

సెల్ఫ్ 150 ఆంపియర్ల చొప్పున మూడు సెకన్లు లాగినా, ఆ ఖర్చును 5 ఆంపియర్ల రాబడి సుమారు నిమిషంన్నరలో పూడ్చేస్తుంది. చేపలను బతికించి ఉంచే తొట్టి పంపు, నీటి లోతు చూపే సోనార్, దీపాలు కలిసి 4 ఆంపియర్ల చొప్పున ఐదు గంటలు వాడుకుంటే మాత్రం, ఖర్చయిన 20 ఆంపియర్-అవర్లు తిరిగి రావాలంటే నాలుగు గంటలకు పైగా పూర్తి వేగంతో పరుగెత్తాలి. గాలం వేసే మనిషి అంత వేగంగా ఎందుకు పోతాడు? కాబట్టి స్టార్టింగుకు ఒక బ్యాటరీ, తక్కిన వాటికి మరొకటి పెట్టుకోవడం వృథా ఖర్చు కాదు.

చాలా పాత మోటార్లలో వోల్టేజిని అదుపుచేసే రెగ్యులేటర్ ఉండదు. ఆ పని కొంతవరకు బ్యాటరీయే చేస్తుంది. అందువల్ల ఇంజిను నడుస్తుండగా టెర్మినల్ ఊడదీస్తే వోల్టేజి ఒక్కసారిగా పెరిగి డయోడ్లు మాడిపోతాయి. తీగలు తారుమారుగా కలిపినా అదే గతి. నిండిన బ్యాటరీతో గంటల తరబడి వేగంగా పోతే అందులోని నీరు వాయువులుగా మారి తగ్గిపోతుంది గనుక, సీలు వేసినదానికన్నా మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోయగల రకమే ఇక్కడ మేలు.

కొన్ని గంటలు కదపకుండా ఉంచాక మల్టీమీటర్ 12.6 వోల్టులు చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12 దగ్గర చూపితే అడుగంటినట్టు. ఒడ్డున ఛార్జరు పెట్టడమే అప్పుడు సరైన దారి. మోటారుతో నింపాలనుకోవడం అత్యాశ. చలికాలానికి ముందు ఈ జాగ్రత్త తప్పనిసరి, ఎందుకంటే పూర్తిగా దిగిపోయిన బ్యాటరీలోని ద్రవంలో ఆమ్లం పలచబడి, సున్నాకు కొద్ది డిగ్రీలు దిగువనే గడ్డకట్టి పెట్టెను పగలగొడుతుంది; నిండుగా ఉన్నదైతే మినెసోటా జనవరినీ తట్టుకుంటుంది.